నీళ్లడగని మనిషికి సున్నా

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఇదేమంత గొంతు చించుకుని చెప్పే ముచ్చట కాదు, ఆ ఫ్యాను చప్పుడులో సగం కొట్టుకుపోతుంది. ఆ రోజుల్లో మా నల్లగండ్ల నుంచి హైటెక్ సిటీకి పోతుంటే దారి పొడుగునా బండరాళ్లే. ఆ రాళ్ల మధ్య అద్దాల బిల్డింగులు ఒక్కొక్కటే లేస్తుంటే మా వాడకట్టు ఆడవాళ్లం ఆగి మరీ చూసేవాళ్లం. అలాంటి ఒకదానిలో నాకు ఉద్యోగం దొరికింది. (ఉద్యోగమంటే చాయ్ పోయడం, కాగితాలకు పిన్నులు కొట్టడం. అయినా మెడలో ఫోటో ఉన్న కార్డు! ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు కూడా తీసేదాన్ని కాదు.) మా అమ్మ ఏళ్ల తరబడి గాజుల గంప నెత్తిన పెట్టుకుని నల్లగండ్ల, గచ్చిబౌలి, మణికొండ తిరిగింది. చివరికి మోకాళ్లు పట్టేసి నాలుగు ఇళ్లు దాటితే కూలబడేది. నాకు కార్డు వచ్చిన రోజు ఆ గంపను అటకెక్కించి, "ఇగ దీని జోలికి పోనే పోను బిడ్డా" అని వాడంతా వినేట్టు చెప్పింది. నా నౌకరీ పోతే ఆ గంప మళ్లీ కిందికి దిగుతుంది. నా భయమంతా అదే.

మా కంపెనీ గచ్చిబౌలి పక్కన అపార్ట్‌మెంట్లు కట్టి అమ్మేది. పెద్ద సార్ ఎక్కడో చూసొచ్చి కంపెనీకి ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టించాడు. అందులో ఓ మూలన చిన్న డబ్బా. ఎవరైనా దాంట్లో రాసి అడిగితే మనిషి కాదు, యంత్రమే జవాబు చెప్పేది. దానికి వచ్చిన జవాబులు పదో పన్నెండో. రానిది అడిగితే "మా ప్రతినిధి మిమ్మల్ని కలుస్తారు" అని తప్పించుకునేది. ఆ మాటలన్నీ అచ్చయి, పొద్దున్నే కాకినాడ మేడం బల్ల మీదికి వచ్చేవి. (అసలు పేరు వేరే, మేమంతా ఊరి పేరుతోనే పిలిచేవాళ్లం.) ఎవరు నిజంగా కొంటారో చూసి ఒక్కొక్కరికి పదికి ఇన్ని మార్కులని వేయడం ఆమె పని. ఎక్కువ వచ్చినవాళ్ల ఇళ్లకు సేల్స్ వాళ్లు స్కూటర్లేసుకుని పోయేవాళ్లు. మేడం చక్కటి ఇంగ్లీషుకు, మర్యాదకు తొమ్మిదీ పదీ వేసేది. సేల్స్ వాళ్లు ఎండలో పడి పోయి, ఆ ఇంట్లో మజ్జిగ తాగి, ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్లు.

ఆమె ఒక్కో కాగితం పైకి చదివి తెలుగులో చెప్పుకుంటుంటే, పక్కన నేను పిన్నులు కొట్టేదాన్ని. ఒకరోజు నోరూరుకోక, "ఈయన కొనడు మేడం" అనేశాను.

"నీకెలా తెలుసే?"

"అంత మంచిగుంది, ఇంత మంచిగుంది అంటుండు గద. మా అమ్మ గంప దించినప్పుడు గడపల నిలబడి 'అబ్బ, ఎంత మంచిగున్నయో' అన్నామె ఎన్నడు కొనలే. 'గివేం గాజులు, బిర్రుగున్నయి, రంగు పోతదా ఏంది' అని తిట్టుకుంట చెయ్యి చాపినామెనే డజను ఏయించుకునేది."

మేడం పడీ పడీ నవ్వింది. కానీ ఆ వారం నేను కాదన్నవాళ్లెవరూ కొనలేదు. ఔనన్న ముగ్గురిలో ఇద్దరు కొన్నారు. సంగతి పెద్ద సార్ దాకా పోయింది. "మూడు నెలలు ఆ పిల్లనే మార్కులు చెప్పనీ, నువ్వు రాయి. తప్పిందనుకో, ఆ పిల్లను ఇంటికి పంపిస్త" అన్నాడట. చాయ్ పోసుకుంటూ హాయిగా ఉన్నదాన్ని, ఆనాటి నుంచి పరేషాన్ మొదలైంది.

నాకు తెలిసిన లెక్క ఒకటే. ఆ బండల్లో కాపురం పెట్టాలనుకునేవాడు ముందు నీళ్లడుగుతాడు. బోరుందా, ఎండాకాలం పైకెక్కుతాయా అని అడిగినవాళ్లకు ఎనిమిది. యంత్రం "మా ప్రతినిధి" అంటే కోపమొచ్చి తిట్టినవాళ్లకు పది. ఆఖరి వారంలో ఒకాయన నీళ్ల సంగతే ఏడుసార్లు అడిగి, చివరికి "నీకు దాహమేయదా?" అని యంత్రాన్నే నిలదీశాడు. ఆయనకు పదికి పదీ చాల్లేదనిపించింది.

మూడో నెల చివరి శనివారం మేడం ముఖం పాలిపోయి వచ్చింది. "కొంప మునిగిందే! యంత్రాన్ని పరీక్ష చేద్దామని పెద్ద సారే మారుపేరుతో డబ్బాలో మాట్లాడారంట. ఈ వారం కాగితాలన్నీ ఆయన గదిలోకి తెప్పించుకున్నారు. మనం ఎన్ని మార్కులు వేశామో సోమవారం చూస్తారంట."

"ఏ పేరుతోని మేడం?"

"అదే తెలిస్తే ఇంత ఏడుపెందుకు!"

నాకు చదువు లేదుగానీ, ఒకసారి విన్న మాట చచ్చినా మరవను. ఆదివారమంతా బియ్యం చాట ముందేసుకుని ఆ వారం కాగితాలన్నీ మొదటి నుంచి మనసులో తిరగేస్తూ, వీడా సార్, వాడా సార్ అని వెతికాను. "ఏందే బిడ్డా, బియ్యం పారేసి రాళ్లు దాస్తున్నవు?" అని అమ్మ చాట లాక్కుంది. ఏమీ లేదన్నాను. అమ్మ ఒకసారి నన్ను చూసి, ఒకసారి అటక వైపు చూసింది. ఆ చూపే నన్ను ఎక్కువ భయపెట్టింది. సాయంత్రానికి ఒకటి ఖాయం చేసుకున్నాను. ఆఫీసులో అందరినీ తిట్టేది పెద్ద సారే, కాబట్టి దాహమేయదా అన్నది కూడా ఆయనే. పది వేశాం కదా! ఆ ధైర్యంతోనే రెండు ముద్దలు తిన్నాను.

సోమవారం గదిలోకి పిలిచారు. పెద్ద సార్ కళ్లద్దాలు పెట్టుకుని ఒక కాగితం చదివాడు. "'చాలా బాగుంది. స్థలం అద్భుతం. ఇంత మంచి కంపెనీని నేను చూడలేదు.' ఇది రాసింది నేను. దీనికి సున్నా. కింద ఏం రాసిండ్రు? 'పొద్దుపోక మాట్లాడిండు. కొనడు. పెట్రోలు దండగ.' ఎవరిదీ తెలివి?"

"చెప్పింది ఆ అమ్మాయండి, రాసింది నేనండి" అంది మేడం, ఏడుపు గొంతుతో.

కళ్ల ముందు గంప కిందికి దిగుతూనే ఉంది. ఎట్లాగూ పోయేదే కదా అనిపించి నోరు తెరిచాను. "సార్, మీరు కొంటరా?"

"నా ఇల్లు నేనెందుకు కొంట?"

"మరి కొననోళ్లకు సున్ననే కద సార్. పేజీ నిండ రాసిండ్రు, ఒక్కపారి గూడ నీళ్లడగలే. ఉండేటోళ్లు నీళ్లడుగుతరు సార్."

"నీళ్ల సంగతి ఎవలడిగిండ్రు?"

అంతే, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. పోయిన సోమవారం బ్యాంకాయన అడిగిండు, మంగళవారం టీచరమ్మ రెండుసార్లు అడిగింది, బుధవారం దాహమాయన... ఎవరడిగినా మీ యంత్రం 'మా ప్రతినిధి కలుస్తారు' అంది, ఆ ప్రతినిధికీ తెలవదు సార్ అన్నాను. పెద్ద సార్ కళ్లద్దాలు తీసి, ఫోనెత్తి, "బోరు ఏమైందిరా?" అని అడిగాడు. అవతలివాడు ఇంకా వేయలేదన్నాడు కాబోలు, "రేపే ఏయించు" అని కసిరాడు. ఫోను పెట్టేసి నా వైపు చూడకుండానే, "పో, చాయ్ తీస్కరా" అన్నాడు. నౌకరీ పోయినట్టేనని తలుపు దాకా నడిచాను. వెనక నుంచి, "మూడు కప్పులు తే. మీరిద్దరు గూడ గీడనే కూసొని తాగుండ్రి" అన్నాడు.

ఇంటికి పోయేసరికి అమ్మ గడపలోనే కూర్చుని ఉంది. "ఉన్నదా?" అంది. "ఉన్నదమ్మా" అన్నాను. నిన్నటి చాట నా ముందుకు తోసి, "అయితే ఈ బియ్యం మల్ల ఏరు" అంది.

మొన్న మా కోడలు ఫోనులో ఏదో ఇల్లు చూస్తూ అలాంటి డబ్బాతోనే మాట్లాడుతోంది. "నీళ్ల సంగతి అడుగమ్మా" అన్నాను. అడిగింది. "మా ప్రతినిధి మిమ్మల్ని కలుస్తారు" అని వచ్చింది. ఇన్నేళ్లకూ అదే జవాబు! నవ్వు ఆగలేదు. కార్డు మెడలో వేసుకునే అన్నం తిన్న ఆ పిల్ల గుర్తొచ్చి, దాన్ని ఒకసారి దగ్గర కూర్చోబెట్టుకుని, అంత భయపడకే అని చెప్పాలనిపించింది. ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. మీ ఇంట్లో నల్లా తిప్పగానే నీళ్లు దూకాలి. మీ ఆడపిల్లల చేతులు గాజులతో నిండుగా ఉండాలి. మీ ఇంటి పెద్దలు అటకెక్కించిన బరువు ఏదైనా సరే, మళ్లీ కిందికి దిగకుండా ఉండాలి.