ఉప్పు కాఫీ

కబాతాష్ రేవులో విందు పడవ ఎక్కగానే రిఫ్కి నెరిసిన మీసానికి కాటుక దిద్దుకుంటాడు. పెళ్లికొడుకు వేషం మరి. తొమ్మిదేళ్లుగా వారానికి ఆరు సాయంత్రాలు విదేశీయుల ముందు అతనికి పెళ్లవుతూనే ఉంది. ఇంటి దగ్గర మాత్రం నలభై నాలుగేళ్ల బ్రహ్మచారి. ఆటకు ముందు ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం నాలుగు ముద్దలు నోట్లో వేసుకుని, జిడ్డు వేళ్లు ఎర్ర నడికట్టుకే తుడుచుకుంటాడు. పెళ్లికూతురు వేషం వేసే షెర్మిన్ ఊరుకోదు. "అది నడికట్టా, మసిగుడ్డా? నిన్ను కట్టుకునేది ఎవతో గానీ, దాని ఖర్మ!" "రోజూ నువ్వేగా కట్టుకుంటున్నావ్!" అంటాడు రిఫ్కి.

ఆటలోని పెళ్లిచూపుల్లో నవ్వంతా కాఫీ దగ్గరే. పిల్ల ఉప్పేసి తెచ్చిన కాఫీని మొహం చిట్లించకుండా తాగితేనే వాడు మొగుడిగా పనికొస్తాడని అక్కడి ఆచారం. పడవలో రోజూ ఇచ్చేది చక్కెర కాఫీయే. రిఫ్కి ఒక్క గుక్క తాగి, కళ్లు తేలేసి, దబ్బున కిందపడి దొర్లుతాడు. జనం విరగబడి నవ్వుతారు. ఆ సాయంత్రం పడవ నీళ్ల మధ్యనున్న కన్నెపిల్ల బురుజు దాటుతుండగా గుక్క వేసి ఆగిపోయాడు. నిజంగానే ఉప్పు. చిటికెడు కాదు, చెంచాడు. షెర్మిన్ తలెత్తడం లేదు. "కిందపడు అన్నా, పడటం లేదేం?" అని డోలు వాయించే తున్‌జాయ్ గొణిగాడు. రిఫ్కి పడలేదు. మడ్డి దాకా నెమ్మదిగా తాగాడు. నడికట్టు మీదికి పోయిన చేతిని వెనక్కి లాక్కుని, జేబురుమాలు తీసి మూతి తుడుచుకున్నాడు. కాటుక చెరిగి సగం మీసం తెల్లబడింది. జనంలో ఒక్కరూ నవ్వలేదు. షెర్మిన్ నవ్వింది.