శంకయ్య, రెండు గదుల ఎలుకలు

పరిశోధనశాలలో ఎలుకల ఆలనాపాలనా చూసే ఆయన్ని అందరూ శంకయ్య అనేవారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదది. పాలవాడు పోసి వెళ్లాక గిన్నె ఎత్తి అడుగు చూసే మనిషి. "ఈయన తన నీడని కూడా వెనక్కి తిరిగి చూసుకుంటారు" అని భార్య ఇరుగుపొరుగుతో చెప్పి నవ్వేది. పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఇదివరకు ఒక గోదాములో పనిచేస్తున్నప్పుడు, ఒకే కంచంలో తిన్న స్నేహితుడు సరుకు దాటించి నింద ఈయన నెత్తిన రుద్దిపోయాడు. అప్పట్నుంచి ఎవరి మాటా మనసుకి ఎక్కనిచ్చేవాడు కాదు.

ఎలుకలతో ఆ పేచీ లేదు. అవి చలిదేశాల జాతివి, పిడికిట్లో ఇమిడే బొద్దు జీవాలు. ఈయన చెయ్యి పెడితే వాసన చూసి, అరచేతిలోకి ఎక్కి కూర్చునేవి.

కొత్తగా వచ్చిన పరిశోధకురాలు వాటిని రెండు గదుల్లోకి విడదీసింది. ముందు గదిలో దీపాలు వేసవి పగలులా చాలాసేపు వెలిగేవి. వెనక గదిలో చలికాలపు పొద్దులా తొందరగా ఆరిపోయేవి. మేత ఒకటే, నీళ్లు ఒకటే. అయినా కొన్ని వారాలకి వెనక గదిలోవి చిక్కిపోయాయి. బూడిదరంగు బొచ్చు తెల్లబడింది. ఆ తర్వాత ఆవిడ రెండు గదుల్లోనూ సూదులు మొదలుపెట్టింది. దాంతో వెనక గదిలో మేత చాలావరకు పెట్టినట్టే మిగలసాగింది.

"అమ్మా, వీటికేం మందిస్తున్నారు?"

"ముందు గదిలోవాటికి ఇచ్చేదే, బాబాయ్."

"మరి అవి మెక్కుతున్నాయి, ఇవి ముట్టవేం?"

"అది తేల్చడానికే కదా ఇదంతా!" అని నవ్విందావిడ.

ఆ నవ్వు ఆయనకి గుచ్చుకుంది. గోదాము స్నేహితుడూ ఇలాగే నవ్వేవాడు. ఫ్రిజ్‌లో రెండు గదులకీ వేరువేరు ట్రేలలో మందు సీసాలుండేవి. మందొకటే అయితే ట్రేలు రెండెందుకు? మర్నాడు ఉదయం ఆవిడ రాకముందే రెండు ట్రేల మీది గది చీటీలూ పీకి, ఒకదానిది ఒకదానికి అంటించాడు. మందు వేరైతే ఇవాళ ముందు గదిలోవి మేత మానేస్తాయి, ఇక దొంగ దొరికినట్టే అనుకున్నాడు.

ఆవిడ సూదులు వేసింది. శంకయ్య సాయంత్రం దాకా బోనుల దగ్గరే తచ్చాడాడు. ముందు గదిలోవి ఎప్పటిలాగే పళ్లు టకటకలాడిస్తూ తిన్నాయి. వెనక గదిలోవి మేత వైపు తొంగి చూసి, గడ్డిలో ముడుచుకున్నాయి. అంటే రెండు ట్రేలలోనూ మందు ఒకటే. ఇంటికి వెళ్లి భార్యకి చెప్పాడు.

భార్య ఈసారి నవ్వలేదు. "ఆ అమ్మాయి కష్టం బూడిదలో పోశారేమో! పొద్దున్నే వెళ్లి చెప్పెయ్యండి."

చెప్పాడు. పరిశోధకురాలి ముఖం ఎర్రబడింది. "రెండు ట్రేలూ ఒకే మందు, బాబాయ్. ఏ గది లెక్క ఆ గదికి ఉండాలని విడిగా పెట్టాను, అంతే. నన్ను అడగొచ్చుగా!"

"అడిగానమ్మా. నమ్మలేదు."

 ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. "ఒంట్లో కొవ్వు ఉంటే 'ఇక చాలు' అని మెదడుకి కబురు పెట్టే హార్మోను ఒకటుంది. నేను సూదిలో ఇచ్చేది అదే. వేసవిలో ఆ కబురు వీటి మెదడు చెవినేసుకోదు. పగళ్లు కురచైతే చిన్న గుసగుస కూడా వింటుంది. అందుకే తిండి తగ్గిస్తాయి. తిండి దొరకని కాలంలో ఒళ్లు చిన్నదైతే, దాన్ని పోషించడానికి మేత కూడా తక్కువే చాలు కదా!"

మందు మారకపోయినా ఆ రోజు కొలతలు పక్కన పెట్టక తప్పలేదు. శంకయ్యని బోనులు కడిగే చోటికి మార్చారు. తప్పు తనదేనని ఒప్పుకుని వెళ్లాడు. పైపు నీళ్ల హోరులో నిలబడి, ఎలుకలకి ఎవరు మేత వేస్తున్నారో, ఎలా వేస్తున్నారోనని మాత్రం గుబులు పడేవాడు.

పరిశోధన ముగిసి, వెనక గదిలో కూడా దీపాలు చాలాసేపు వెలిగించడం మొదలుపెట్టాక, ఆవిడే పిలిచి ఒక ఎలుకని ఆయన చేతిలో పెట్టింది. బొచ్చు మళ్లీ బూడిదరంగుకి తిరుగుతోంది. అరచెయ్యి నిండుగా, బరువుగా ఉంది.

"సూదులేమైనా వేశారా అమ్మా?"

"లేదు బాబాయ్. దీపాలే."

సూది గుర్తులేమైనా ఉన్నాయేమోనని శంకయ్య ఎలుకని వెల్లకిలా తిప్పి పొట్ట చూశాడు, చెవుల వెనక చూశాడు. తర్వాత దాన్ని బోనులో వదిలి, మేత గిన్నె నింపాడు.