యూరియా మరిగిన గానుగ మొక్కలు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జూన్ నెలలో, సంగారెడ్డిలో నేల పరీక్షల అధికారిగా ఉన్న నాకు ఒక అదనపు పని అప్పగించారు. గుమ్మడిదల దగ్గర బోడిగా మారిన అడవి ముక్కలో గానుగ మొక్కలు నాటుతున్నారు. ఆ నేలకు ఏ ఎరువు కావాలో నేను చెప్పాలి.

పద్ధతి ప్రకారమే చేశాను. పదిహేను చోట్ల జానెడు లోతున మట్టి తీయించి కలిపాను. దాన్ని పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండూ పారేయాలి. అరకిలో మిగిలేదాకా అలాగే తగ్గించాలి. పరీక్షలో నత్రజని తక్కువ, భాస్వరం మరీ తక్కువ అని తేలింది. నత్రజని తక్కువైతే యూరియా రాయడం నాకు పాతికేళ్ల అలవాటు. మొక్కకు ఇంతని యూరియా రాసి, భాస్వరం కోసం సూపర్ ఫాస్ఫేటును ‘వీలైతే’ అనే మాటతో చివర చేర్చాను. వరికీ పత్తికీ రాసి రాసి అరిగిన చేయి అది. గానుగ చిక్కుడు కుటుంబంలోని చెట్టనీ, దాని వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు అందిస్తాయనీ నాకు తెలియక కాదు. సంతకం చేసేటప్పుడు గుర్తురాలేదు, అంతే.

రెండో వేసవి దాటాక అటవీ రేంజ్ ఆఫీసర్ రాఘవులు గారు నన్ను అక్కడికి పిలిపించారు. మొక్కల్లో సగానికి పైగా ఎండిపోయాయి. రోడ్డు వైపు మూడు వరుసలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. ఆ మూడింటికీ యూరియా పడలేదని ఆయనకు తెలిసింది. వాటి వాటా కూడా మిగతా మొక్కల మీదే గుమ్మరించి మాడ్చేసిందని కాపలా మనిషి బాలమణిని తీసేయబోతున్నారు. ఆ మాట నిజమేనని నేను రాసివ్వాలి.

బాలమణి పక్క ఊరి కూలీ. నలభై ఏళ్లు దాటిన మనిషి. ఆ జీతం మీదే ఆమె ఇల్లు నడుస్తోంది. అయినా బతిమాలలేదు. నేరుగా షెడ్డుకు తీసుకుపోయి, కుట్టు విప్పని యూరియా బస్తా చూపించింది.

“మూడు వరుసలది గిదే సారూ. గుమ్మరిస్తే గిక్కడెట్ల ఉంటది?”

మరి ఎందుకు వేయలేదని అడిగాను.

“సూపర్ రెండే బస్తాలొచ్చినయ్. ఆ మూడు వరుసలకే సరిపోయింది. ఇగ గాటికి యూరియా ఎయ్య మనసొప్పలే, మిగిలినయాటికి నువ్వు రాసినట్టే ఏసిన. గానుగ కాయ జూస్తే సిక్కుడుకాయ లెక్కనే ఉంటది గద. మా అయ్య పెసరసేన్ల యూరియా ఎయ్యనియ్యకపోయేటోడు. కూసోవెట్టి తినవెడితే ఎవలు పనికి పోతరు అంటుండె.” బస్తా మీద చెయ్యేసి, “నువ్వు సదువుకున్నోనివి. గట్లెట్ల రాసినవ్ సారూ?” అంది.

రాఘవులు గారు గొంతు సవరించుకున్నారు. నేను గడ్డపార అడిగాను.

యూరియా తిన్న మొక్కల వేళ్లు పైపైనే పాకి ఉన్నాయి. బకెట్టు నీళ్లలో కడిగి చూస్తే ఒక్క బుడిపె లేదు. రోడ్డు వైపు మొక్కల వేళ్లకు జొన్నగింజలంత బుడిపెలు గుత్తులుగా ఉన్నాయి. బ్లేడుతో కోస్తే లోపల గులాబీ రంగు కనిపించింది. పని జరుగుతోందనడానికి అదే గుర్తు. బుడిపెలను పోషించడానికి చెట్టు తన చక్కెరలు ఖర్చు పెట్టాలి. నేలలో నత్రజని ఊరికే దొరికితే ఆ ఖర్చు మానేస్తుంది. పని చేద్దామన్నా భాస్వరం లేనిదే సాగదు. మేం మొదటిది అడక్కుండా ఇచ్చాం, రెండోది ఎగ్గొట్టాం. యూరియా వానలకు కొట్టుకుపోయేసరికి ఆ మొక్కలకు తిండీ లేదు, సంపాదనా లేదు. వేసవి తాకిడికి నిలవలేకపోయాయి.

అనుమానం తీరక, ఆవల మిగిలిన పాత అడవిలోనూ ఒక గానుగ కింద తవ్వించాను. ఏళ్ల తరబడి రాలిన ఆకుతో నేల నల్లగా ఉంది. అక్కడ బుడిపెలు వెతుక్కోవాల్సి వచ్చింది. అడవి చెట్టు కూడా అవసరమైతేనే పనిలోకి దిగుతుంది.

నివేదికలో కారణం ‘నా సిఫారసు’ అని రాశాను. రాఘవులు గారు మంచి మనిషే. ‘ఎండ తీవ్రత’ అని రాద్దామా అని మర్యాదగా అడిగారు. అలా అయితే ఆ ఎండ మూడు వరుసల దగ్గరికొచ్చి ఆగిపోయిందని కూడా రాయాలన్నాను. ఆయన నవ్వి, బాలమణిని తీసేసే కాగితం చింపేశారు. నాకు మాత్రం సంజాయిషీ అడుగుతూ పైనుంచి మెమో వచ్చింది. ఒక పేజీలో ఒప్పుకున్నాను. ఆ ఏడు మళ్లీ నాటిన మొక్కలకు సూపర్ ఒక్కటే వేశారు. మరుసటి వేసవిలో కొన్నే పోయాయి.

నేలలో ఏం తక్కువో పరీక్ష చెబుతుంది. నాటిన మొక్క దాన్ని తానే సంపాదించుకోగలదో లేదో పరీక్షకు తెలియదు. అది వేళ్లు చూసి తెలుసుకోవాలి, లేదా చూసినవాళ్లను అడగాలి. మిగిలిన ఏడాది సర్వీసులో మొక్క పేరు రాయని మట్టి సంచీకి నేను ఎరువు రాయలేదు.