బాంబు షెల్టర్లో మందునీళ్లు

సింగపూర్‌లోని సెంగ్‌కాంగ్‌లో మేం కొనుక్కున్న ఫ్లాట్‌లో వంటింటి పక్కన ఒక చిన్న గది ఉండేది. కిటికీ లేదు. గోడలు మామూలు గోడలకంటే బాగా మందం. తలుపు ఇనుముది, దాన్ని లాగి గడియ తిప్పాలంటే నాకు రెండు చేతులూ కావాల్సి వచ్చేవి. దాన్ని బాంబు షెల్టర్ అంటారు. యుద్ధమొస్తే ఇంటిల్లిపాదీ అందులో దూరి కూర్చోవాలట. కొత్తగా కట్టే ప్రతి ఫ్లాట్‌కీ ఈ గది తప్పనిసరి అని ప్రభుత్వం రూలు పెట్టింది. యుద్ధం సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. పక్కింటి చైనీస్ ఆంటీ అందులో చెప్పులు, ఇస్త్రీ బల్ల పెట్టుకుంది. నాకు తెలిసిన తెలుగు ఇళ్లలో చాలామంది దేవుణ్ణి పెట్టుకున్నారు. మా ఇంట్లో దేవుడికి తోడుగా బియ్యం బస్తా, ఆవకాయ జాడీ కూడా ఉండేవి.

మా ఆయనకు కిడ్నీలు దెబ్బతిన్నాక ఆ గదిలోంచి అందరినీ ఖాళీ చేయించాం. దేవుళ్లు వంటింటి అలమరాలోకి మారారు. ఆవకాయ మంచం కిందికి వెళ్లింది.

అప్పటికి ఆయనకు నలభై కూడా రాలేదు. ఆసుపత్రివాళ్లు రెండు దారులు చెప్పారు. వారానికి మూడుసార్లు వచ్చి రక్తం శుద్ధి చేసే మెషీన్ పక్కన పడుకోవాలి, లేదా ఇంట్లోనే పొట్ట ద్వారా చేసుకోవాలి. ఉద్యోగం మానకుండా ఉండాలని ఆయన రెండోది ఎంచుకున్నారు. పొట్టలోకి ఒక సన్నటి గొట్టం వేస్తారు. రోజుకు నాలుగుసార్లు ఒక బ్యాగులోని మందునీళ్లను ఆ గొట్టం గుండా లోపలికి ఎక్కించుకోవాలి. అవి కొన్ని గంటలు ఉండి ఒంట్లోని చెడునంతా లాగుతాయి. తర్వాత వాటిని బయటికి వదిలేసి మళ్లీ కొత్త బ్యాగు తగిలించుకోవాలి. దాన్ని ఎక్స్‌ఛేంజ్ అంటారు. ఆ కాసేపూ దుమ్ము రేగకూడదని ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, మాస్కు కట్టుకుని కూర్చోవాలి. సింగపూర్ ఉక్కలో ఫ్యాను లేకుండా కూర్చోవడం అంటే ఏమిటో అక్కడ ఉన్నవాళ్లకే తెలుస్తుంది. మధ్యాహ్నం ఎక్స్‌ఛేంజ్ ఆఫీసులోనే, సర్వర్ల గది పక్కనున్న స్టోర్‌రూమ్‌లో చేసుకునేవారు.

బ్యాగులు నెలకోసారి అట్టపెట్టెల్లో వచ్చేవి. షెల్టర్లో నేల నుంచి నా తల దాకా పేర్చేవాళ్లం. పెట్టె మీద తయారైన దేశం పేరు ఉండేది. గొట్టం ఇంకో దేశానిది. గొట్టం చివరి మూత మరో దేశానిది. ఈ ఊళ్లో తయారైంది డెలివరీ రసీదు ఒక్కటే.

ఐటీ జోరుగా ఉన్న రోజులవి. మా ఆయన పెద్ద పెద్ద కంపెనీల గోడౌన్లకు సాఫ్ట్‌వేర్ రాసేవారు. దాని గొప్పతనమల్లా సరుకు ఎక్కువ నిల్వ పడకుండా చూడటమే. అవసరానికి మించి పెట్టెలుంటే తెర మీద ఎర్రగా వెలుగుతుందట.

"మన షెల్టర్‌కి కూడా పెట్టండి ఆ ఎర్రదీపం" అని ఏడిపించేదాన్ని.

"మన షెల్టర్ ఎర్రగా ఉంటేనే నాకు నిద్ర పడుతుంది" అనేవారు.

ఆదివారాలు ఆయన ఆఫీసు స్నేహితులు భోజనానికి వచ్చేవారు. పప్పూ గోంగూర పచ్చడీ తింటూ దేశాలను నడిపేవారు. ఒకసారి ఒకాయన షెల్టర్లోకి తొంగి చూసి, ఈ దేశాన్ని లొంగదీయాలంటే యుద్ధనౌకలు అక్కర్లేదు, ఈ పెట్టెలు తెచ్చే ఓడను ఆపితే చాలు అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ పెట్టెలతో బతుకుతున్న మనిషి ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటుంటే అనాల్సిన మాటేనా అది? కానీ అన్నదాంట్లో అబద్ధం లేదు. తాగే నీళ్లలో చాలా భాగం పక్క దేశం నుంచి వస్తాయని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. బియ్యం దిగుమతి చేసేవాళ్లు కొంత నిల్వ పెట్టి తీరాలని రూలుంది. బాంబు పడితే ఇంటింటికీ గది ఉంది. మందునీళ్ల గురించి మాత్రం నేనెక్కడా వినలేదు.

"ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లే కదా, ఇక్కడే ఫ్యాక్టరీ పెట్టుకోవచ్చుగా?" అన్నాను.

మా ఆయన నవ్వారు. "ఈ దేశం మొత్తానికి ఎంతమంది రోగులున్నారని? ఫ్యాక్టరీ పొద్దున మొదలెడితే మధ్యాహ్నానికి మూసుకోవాలి. బయట కొంటేనే చవక. మా కంపెనీ కూడా అదే చెబుతుంది."

చవక అన్న మాట ఆ రోజు మాకు బాగానే వినిపించింది.

ఆసుపత్రి క్లినిక్కులో వరుసలో కూర్చున్నప్పుడు మాకు ఒక పెద్దాయన, ఆయన భార్య పరిచయమయ్యారు. చోవా చూ కాంగ్‌లో ఉండేవారు. వాళ్ల తాతలు తెల్లవాళ్ల కాలంలో విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్లు. అంకుల్ ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. ఆయనదీ మా ఆయన చేసుకునే వైద్యమే, కానీ బ్యాగులు వేరే కంపెనీవి, వేరే దేశానివి. ఆయన గుండె బలహీనం. ఆసుపత్రి మెషీన్ మీద పెడితే ఆ గుండె తట్టుకోలేదని డాక్టర్లు ముందే చెప్పేశారు. ఆంటీ నన్ను ఎప్పుడు చూసినా "ఏటమ్మా, మకాన్ అయిందా?" అనేది. తిన్నానని చెప్పినా సంచిలోంచి ఏదో తీసి నా చేతిలో పెట్టేది. వాళ్లది పాత ఫ్లాట్, షెల్టర్ లేదు. పెట్టెలు పెట్టుకోవడానికి చోటు చాలక సగం సగం తెప్పించుకునేవారు.

ఒక పొద్దున్న ఆంటీ ఫోన్ చేసింది. "పెట్టెలు రాలేదమ్మా. ఎప్పుడడిగినా వచ్చే వారం, వచ్చే వారం అంటన్నారు. శానా సుసా అయిపోనాది." కష్టమైపోయిందని. మలయ్ మాటలు కలిపి మాట్లాడటం ఆవిడకు పుట్టుకతో వచ్చింది.

సంగతి ఏమిటంటే, వాళ్ల బ్యాగులు తయారయ్యే దేశంలో ఫ్యాక్టరీ చెడిపోయింది. తయారైన కాస్తా ముందు తమ ఆసుపత్రులకే, మిగిలితేనే బయటికి అని ఆ ప్రభుత్వం గేటు వేసేసింది. దాంతో ఇక్కడి ఆసుపత్రులన్నీ మా బ్యాగుల కంపెనీ మీద పడ్డాయి. మా కంపెనీ కొత్త రోగులను తీసుకోబోమంది. పాతవాళ్లకు కూడా ఈ నెల ఓడ ఆలస్యం, ఎప్పుడొస్తుందో చెప్పలేం, ఉన్నవి జాగ్రత్తగా వాడుకోండి అని మాకు కబురు పెట్టింది.

ఆ వారమంతా నేను ఆ దేశాన్ని తిట్టాను. అన్నం వండుతూ తిట్టాను, బట్టలు ఆరేస్తూ తిట్టాను. వాళ్లవే ప్రాణాలా, మనవి చింతపిక్కలా? ఇన్నేళ్లు డబ్బు పుచ్చుకుని, అవసరానికి ముఖం చాటేస్తారా?

"వాళ్ల ఆసుపత్రుల్లో ఉన్నదీ రోగులే కదా" అన్నారు మా ఆయన.

"మీరు ఎవరి పక్షం?" అని ఆయన మీద కూడా విరుచుకుపడ్డాను.

ఆ శనివారం ఆయన రెండు పెట్టెలు ట్రాలీకి కట్టారు. అంకుల్‌కి ఇచ్చొద్దామన్నారు. మన ఓడ సంగతే తేలలేదు కదా అన్నాను. "రెండే కదా" అన్నారు. మంచితనం ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. కిడ్నీలది తర్వాత వచ్చింది. నేను మూతి ముడుచుకునే వెంట వెళ్లాను. ఎల్‌ఆర్‌టీ చిన్న రైలెక్కి, పెద్ద రైళ్లు మారి, ఊరి ఆ చివరికి చేరేసరికి మధ్యాహ్నమైంది.

అంకుల్ మంచం మీద ఉన్నారు. ఉన్న బ్యాగులను సాగదీయడానికి రోజుకు రెండే వాడుతున్నారట. పాదాలు బాగా ఉబ్బిపోయి ఉన్నాయి. ఆంటీ మా పెట్టెలను చూడగానే లేచింది. గబగబా చేతులు కడుక్కుని, ఫ్యాను ఆపి, అందరికీ మాస్కులు ఇచ్చి, మా బ్యాగు గొట్టం తీసి అంకుల్ గొట్టానికి తగిలించబోయింది.

పట్టలేదు. మాది తిప్పి బిగించేది. వాళ్లది నొక్కితే టక్కున కూర్చునేది. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నాయి. ఆంటీ మళ్లీ ప్రయత్నించింది. మా ఆయన ఆవిడ మణికట్టు పట్టుకుని ఆపారు. సరిగ్గా బిగుసుకోకపోతే సూక్ష్మక్రిములు నేరుగా పొట్టలోకి వెళ్తాయి. అంతకంటే బ్యాగు లేకపోవడమే నయం.

మంచం మీంచి అంకుల్ మాట్లాడారు. "నాను ముప్ఫై యేళ్లు క్రేన్ నడిపేను. ఏ దేశం కంటైనరైనా నా క్రేన్‌కి పట్టీసేది. మూలల్లో కన్నాలన్నీ ఒక్క కొలతే. బొమ్మల పెట్టికీ అదే, బూట్ల పెట్టికీ అదే. మనిసి పొట్టకి మాత్రం ఒక కొలత పెట్టుకోలేకపోనారు, సూసేవా?"

ఆంటీ పెట్టెలు రెండూ మళ్లీ ట్రాలీకి తనే కట్టింది. తిరుగు రైల్లో ట్రాలీ నా మోకాళ్లకు ఆనించుకుని కూర్చున్నాను. అంకుల్ పాదాలు కళ్లముందే ఉన్నాయి. అయినా నాకు సంతోషంగా ఉంది. మా పెట్టెలు మాతో ఇంటికి వస్తున్నాయి. ఇవ్వబోయామన్న పేరు దక్కింది, ఇవ్వాల్సిన అవసరం తప్పింది. మా ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఆయన మనసులో ఏముందో నేను అడగలేదు.

మంగళవారం సాయంత్రం ఆయన హాల్లో కుర్చీలో ఎక్స్‌ఛేంజ్‌లో ఉన్నారు. పైన కొక్కేనికి కొత్త బ్యాగు, కింద నేల మీద పాత నీళ్ల బ్యాగు, మధ్యలో ఆయన, మాస్కుతో. ఫోన్ మోగింది. నేను తీశాను.

"అమ్మా, నానే" అంది ఆంటీ. "నర్సుతో మాట్లాడేను. అంకుల్ గొట్టం సివర తీసీసి మీ కంపెనీది పెట్టగలరంట. డాక్టరు కూడా సరే అన్నాడు. గానీ బేగులు ఆసుపత్రి కాడ లేవంట, ఎక్కడన్నా సూసుకోమన్నారు. మరి నీకాడ..."

అక్కడితో ఆగింది.

పెట్టెలు ఇవ్వకుండా నాకు సాకైన ఆ పట్టని గొట్టం చివర ఇప్పుడు లేదు. షెల్టర్లో ఎన్ని పెట్టెలున్నాయో నాకు తెలుసు. ఓడ ఎప్పుడొస్తుందో తెలియదు. ఎదురుగా కుర్చీలో మా ఆయన. ముందు నా ఇల్లు, మిగిలితే బయటికి. ఆ ఆలోచన నా తలలోకి వచ్చాక గానీ నాకు తెలియలేదు, అది నేను వారమంతా తిట్టిపోసిన ఆ దేశం మాటే అని. అక్కడ గేటు వేసినవాళ్లకు కూడా ఎదురుగా ఇలాంటి కుర్చీ ఒకటి కనిపించి ఉంటుంది. నాకు వాళ్ల మీద కోపం పోలేదు. కానీ ఆ కోపంతో తిట్టడానికి ఇప్పుడు మాటలు దొరకలేదు.

నా మౌనం ఆంటీకి వినిపించింది. "వొద్దులేమ్మా. నీకూ ఉన్నాడు కదా. నాను అడక్కుండా ఉండాల్సింది" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే కాదనడం తేలికయ్యేదేమో.

"అడక్కపోతే మాకెలా తెలుస్తుంది?" అని కసిరాను. ఎవరి మీద కసురుకున్నానో నాకే తెలియదు. "రేపే వెళ్లి మార్పించండి ఆంటీ. పెట్టెలు మేం తెస్తాం. ఉన్నవాటిలో సగం."

ఆవిడ ఏడుస్తుంటే ఫోన్ పెట్టేశాను. నాకూ ఏడుపొచ్చింది. మా ఆయన మెచ్చుకుంటారనుకున్నాను. శనివారం నేను మూతి ముడుచుకున్నా రెండు పెట్టెలు ట్రాలీకి కట్టిన మనిషి కదా.

ఓడ తర్వాత వచ్చింది. మధ్యలో డాక్టరు ఇద్దరికీ రోజుకో బ్యాగు తగ్గించారు, ఇద్దరి కాళ్లూ ఉబ్బాయి, ఇద్దరూ గట్టెక్కారు. ఇప్పుడు ఇలా ఒక్క వాక్యంలో చెప్పేయగలుగుతున్నాను. ఆ సాయంత్రానికి అదేదీ మాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఆయన బ్యాగుల్లో సగం ఆయన్ని ఒక్క మాట అడక్కుండా ఇచ్చేశానని.

ఫ్యాను ఆగి ఉంది. కింది బ్యాగులోకి నీళ్లు దిగుతున్నాయి. ఆయన కుర్చీలోంచి లేవలేరు.

"నాకు సరిపోతాయా?" అన్నారు.

జబ్బు చేసిన నాటి నుంచి ఆయన గొంతులో భయం వినడం అదే మొదటిసారి.

"సరిపోతాయండీ" అన్నాను.

ఆ లెక్కలు నాకంటే ఆయనకే బాగా తెలుసు. మాస్కు వెనక నుంచి "ఊఁ" అన్నారు.