నాకివ్వని చివరి సీను

కిందటేడు రాజమండ్రిలో మా నాటక సంస్థకి కొత్త డైరెక్టరు వచ్చాడు. సామర్లకోట కుర్రాడు, యూనివర్సిటీలో నాటకం చదువుకున్నాడు. నేను స్కూల్లో సోషల్ చెప్పుకుంటూ, చాలా ఏళ్ళుగా పరిషత్తు నాటకాల్లో తల్లి వేషాలు వేస్తున్నదాన్ని. పాత డైరెక్టర్లు మొదటిరోజే నాటకమంతా చదివి వినిపించేవారు. ఇతను నా సీన్లు మాత్రమే నా చేతిలో పెట్టాడు.

"మిగతాదేదండీ?" అన్నాను.

"ఇంకా రాస్తున్నానండి. చివరి సీన్లో మీకు డైలాగులు లేవు మేడమ్, వింటే చాలు."

నాది పొలం మీద ప్రాణం పెట్టుకున్న ఇల్లాలి పాత్ర. భర్తగా వేసేది తణుకు నుంచి బస్సులో వచ్చే పెద్దాయన. అందరం మాస్టారంటాం. కూతురిగా వేసేది ఒక కాలేజీ అమ్మాయి.

ఒక సాయంత్రం పేపర్లు దిద్దుకుని ఆలస్యంగా రిహార్సల్‌కి వెళ్ళాను. మెట్లెక్కుతుండగా మాస్టారి గొంతు వినిపించింది. "ఆవిడకి చెప్పకుండా ఎన్నాళ్ళు దాస్తాం?" నేను లోపలికి రాగానే ఆయనా, డైరెక్టరూ, కాలేజీ అమ్మాయీ ముగ్గురూ మాట ఆపేశారు. అమ్మాయి చేతిలోని కాగితాలు గబుక్కున బ్యాగులో కుక్కేసింది.

ఇంకేముంది, నన్ను తీసేస్తున్నారనుకున్నాను. కాకినాడ నుంచి ఎవరో వయసు తక్కువావిణ్ణి తెచ్చి, జుట్టుకి తెల్లరంగు పూసి దించుతారన్నమాట. ఆ రోజు మాస్టారితో పాటు బస్టాండుకి నడిచాను.

"నా బదులు ఎవరినైనా చూశారా మాస్టారూ? దాచకండి."

"అబ్బే, అలాంటిదేం లేదమ్మా" అన్నారు గానీ నా మొహంలోకి చూడలేదు. "బస్సొచ్చినట్టుంది" అంటూ, రాని బస్సు కోసం రోడ్డుకేసి తొంగిచూశారు.

ఇంట్లో మా ఆయన, "అంత అనుమానమైతే మానెయ్యొచ్చుగా?" అన్నారు. మానేస్తే వాళ్ళకి కావలసింది అదే కదా అనిపించింది. మానలేదు.

ప్రదర్శన రోజు హాలు నిండింది. చివరి సీన్లో నేను పొలం నుంచి వచ్చి నిలబడ్డాను. మాస్టారు తల దించుకునే అన్నారు. "పొలం చెరువులోళ్ళకి ఇచ్చేశామే. రొయ్యలు వేస్తారంట. అమ్మాయి కూడా ఒప్పుకుంది. నీకెలా చెప్పాలో తెలీక దాచాం."

ఒక్క క్షణం అర్థం కాలేదు. ఇన్నాళ్ళూ గుసగుసలాడుకున్నది దీని గురించా! నన్ను తీసెయ్యడం కాదు, నాటకంలో పొలం! గుండెల మీంచి బరువు దిగిపోయి పకపకా నవ్వేశాను. ఆపుకుందామన్నా ఆగలేదు, కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. హాల్లో చప్పుడు లేదు. ముందు వరసలో ఒకావిడ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. తెర పడింది.

డైరెక్టరు పరుగున వచ్చాడు. "ఏడుస్తారనుకున్నానండి. ఆ నవ్వు ఎలా తట్టింది మీకు! మీలో నిజంగా అనుమానం ఉంటేనే సీను పండుతుందని అందరిచేతా దాయించాను. ఏమీ అనుకోకండి."

"కావాలనే దాస్తున్నాడని మీకూ తెలుసా?" అని మాస్టారినడిగాను.

ఆయన రంగు తుడుచుకుంటూ, "ఒట్టేయించుకున్నాడమ్మా" అన్నారు.

ఆ నవ్వు ఎందుకొచ్చిందో చెబుదామనుకునేలోపే ఎవరో శాలువా కప్పేశారు.

తర్వాత రామచంద్రపురంలో ఆడాం. అక్కడా నవ్వాను. నాతో పాటు జనమూ నవ్వారు. ఆ పై ప్రదర్శన నుంచి మామూలుగా ఏడ్చేదాన్ని.

అతని మీద కోపం త్వరగానే తగ్గింది. వచ్చి నాలుగు రోజులైనవాడు, నేనేంటో అతనికేం తెలుసు? మాస్టారితోనే మునుపటిలా ఉండలేకపోయాను. కళ్ళలోకి చూడకుండా అబద్ధమాడిన మనిషి, ఇప్పుడు ఒంట్లో ఎలా ఉందని అడిగినా ఎందుకడుగుతున్నారా అనిపించేది.

మొన్న ఆయనే ఫోన్ చేశారు. "కొత్త నాటకంలో మనిద్దరికీ మంచి వేషాలున్నాయమ్మా. ఒప్పుకో."

"ఇలా అడగమని ఎవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదమ్మా. నేనే అడుగుతున్నా" అన్నారు మెల్లిగా.

నిజమే అయ్యుండొచ్చు. వస్తానన్నాను.