గీతలు నల్లబడని డబ్బా

అక్షరం ముక్క రాని సిద్దమ్మ చదవగలిగింది ఒక్కటే, టేపు మీది గీతలు. శామీర్‌పేట దగ్గరి ఆ పరిశోధనశాలలో సూక్ష్మజీవులను పెంచి ఖాళీ చేసిన డబ్బాలను ఆమె ఆవిరి యంత్రంలో పెట్టేది. పనివాళ్లు దాన్ని కుక్కర్ అనేవారు. మూతకు అంటించిన టేపు మీది తెల్లటి గీతలు నల్లబడితే లోపలి పురుగు చచ్చినట్టు. అప్పుడే డబ్బా కడిగి పెట్టిన డబ్బాల వరుసలో చేరాలి. పొలాలు అమ్ముడుపోయి నాట్ల కూలి కరువయ్యాక, 1999లో దొరికిన పని అది. నాలుగేళ్లలో ఒక్కసారీ పొరపాటు పడలేదు.

కడిగిన డబ్బాలను పనివాళ్లు ఇంటికి పట్టుకుపోవడం అక్కడ మామూలే. వారానికోసారి ట్యాంకరు వచ్చే ఊళ్లో ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఎవరికి చేదు?

2003 మే నెలలో ఒక శనివారం కరెంటు పోయి కుక్కర్ మధ్యలోనే ఆగింది. డబ్బాలు బయటికి తీసిన సిద్దమ్మ చోటు చాలక ఒకదాన్ని కడిగిన వరుస చివర పెట్టి, మరిచిపోయింది. సోమవారం గుర్తొచ్చి చూస్తే అది లేదు. అక్కడే తోటపని చేసే మరిది జనార్ధన్ పొద్దున్నే తీసుకుపోయాడని గేటు దగ్గర చెప్పారు. ఆ రోజు అతని కొడుకుకు పుట్టెంటికలు తీసే వేడుక.

షేర్ ఆటో కోసం ఆగకుండా సిద్దమ్మ తుర్కపల్లి దాకా పరుగూ నడకా కలిపి వెళ్లింది. పందిట్లో తోడికోడలు సుక్కమ్మ ఆ డబ్బాలోంచే చల్ల వంచడం మొదలుపెట్టింది. సిద్దమ్మ మూత బిగించి డబ్బాను పక్కకు లాగింది.

“ఇచ్చేటందుకు రాని చెయ్యి గుంజుకునేటందుకు వచ్చిందా అక్కా?” అంది సుక్కమ్మ చుట్టాలు వినేలా.

“గీతలు నల్లగ గాలే సుక్కా. ఎవ్వలన్న తాగిండ్రా?”

తాగింది ఒక్కరే. డెబ్బై దాటిన అత్త బుచ్చవ్వ పెదాలు తుడుచుకుంటూ, చల్ల మంచిగనే ఉన్నదని మెచ్చుకుంది.

బుచ్చవ్వను తీసుకెళ్లిన మేడ్చల్ ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగింది డబ్బాలో ఇంతకుముందు ఏముండేదని. సిద్దమ్మకు తెలియదు. తెలిసినవాడు పరిశోధనశాలలో భద్రత చూసే అధికారి రఘునందన్. ఆయన్ను అడగాలంటే తన తప్పు తనే ఒప్పుకోవాలి.

అంతా విన్న రఘునందన్ తలుపు దగ్గరికి వేశాడు. ముసలావిడకి ఇంతవరకూ ఏమీ కాలేదు కదా అన్నాడు. “బయటపడితే నీ పనే కాదు, నా ఉద్యోగమూ ఉండదు సిద్దమ్మా. డబ్బా గేటు దాటలేదని రాస్తాను, వేలిముద్ర వెయ్యి.”

ఆమె చేతులు కొంగులో దాచుకుంది.

“పని పోతే పోనీ సారూ. ఆ డబ్బల ఏముండెనో డాక్టర్ సాబుకు చెప్పుండ్రి. అవ్వ తాగింది.”

చివరికి రఘునందన్ ఫోను తీసి, డబ్బాలో ఏముండేదో డాక్టరుకు చెప్పాడు. తర్వాత జరిగింది జరిగినట్టు రాసి, చదివి వినిపించాడు. అప్పుడు వేసింది సిద్దమ్మ వేలిముద్ర.

బుచ్చవ్వను అయిదు రోజులు ఆస్పత్రిలోనే ఉంచారు. జ్వరం వచ్చింది, మందులకు తగ్గింది. సిద్దమ్మను రెండు నెలలు పనిలోకి రానివ్వలేదు. తిరిగి పిలిచాక కొత్త పని ఒకటి అప్పగించారు: గీతలు నల్లబడిన ప్రతి డబ్బాకూ, బయటికి పోయే ముందు, కాల్చిన చువ్వతో అడుగున మూడు బొక్కలు పొడవాలి.

ట్యాంకరు వచ్చిన రోజు ఊళ్లో ఆడవాళ్లు బిందెలకు తోడు డబ్బాలు లేక సిద్దమ్మను తిట్టుకునేవారు. సుక్కమ్మ గొంతు అందరికంటే ముందుండేది. ఆ తిట్లు వింటూనే సిద్దమ్మ మర్నాడు వెళ్లి చువ్వ కాల్చేది.