బోర్డు వైపు తిరిగి చెప్పిన పాఠం

బీఎడ్‌లో నేను చెప్పిన మొదటి పాఠం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకేస్తుంది. మగ్గాల చప్పుడెరగని అడాజన్ ఫ్లాట్లలో పెరిగినదాన్ని. సూరత్‌లోనే ఇంకో కొసన, మరమగ్గాల షెడ్డును ఆనుకుని, తెలంగాణ నుంచి వలసొచ్చిన నేత కార్మికుల పిల్లలు చదివే తెలుగు బడికి నన్ను ప్రాక్టీసుకు వేశారు.

వారం కష్టపడి గీసిన చార్టు తగిలించి, బోర్డు మీద రాస్తూ వాన ఎలా కురుస్తుందో చెప్పాను. వెనక బెంచీలో మా బీఎడ్ కాలేజీ మేడమ్ నా పాఠానికి మార్కులు వేస్తున్నారు. ఎన్ని ప్రశ్నలడిగినా పిల్లలు నోరు విప్పరు. గొంతు పెంచాను. అయినా అంతే. ఒళ్లు మండి, రాస్తూనే "మీకసలు చెవులు పనిచేస్తాయా?" అని అరిచాను.

మాట సగంలో ఉండగానే కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. నా అరుపొక్కటే వీధంతా వినబడింది. షెడ్డు కిటికీలోంచి కార్మికులు తొంగి చూశారు.

ముందు వరుసలోని అమ్మాయి మెల్లగా లేచింది. "టీచర్, మీరు బోర్డు దిక్కు తిరిగి చెప్తున్నరు. ఈ మగ్గం సాంచల చప్పుడుల మూతి కనవడితెనే మాకు సమజైతది. మా బాపు గూడ షెడ్డుల గట్లనే మాట్లాడ్తడు."

మేడమ్ ఇచ్చిన మార్కుల కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. కంఠస్వరానికి పదికి తొమ్మిది వేశారు. నా మొహం పిల్లలకు కనబడిందా అని అడిగే గడి మాత్రం అందులో లేదు.